చెవుడు వయసుతో రాలేదు, గనిలో వచ్చింది

సింగరేణి ఊళ్లలో ఏ కార్మికవాడకు పోయినా ఒక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. దిగిపోయిన కార్మికులు గట్టిగా మాట్లాడతారు. ఎదుటి మనిషి రెండు గజాల దూరంలో కూచున్నా వాగు అవతల ఉన్నవాణ్ణి కేకేసినట్టే పలకరిస్తారు. టీవీ పెడితే ఆ మోత మూడిళ్ల అవతలికి పోతుంది. మనుమరాలు పక్కన చేరి ఏదైనా అడిగితే "ఏమన్నవ్ బిడ్డా" అని రెండుసార్లు అడుగుతారు. మూడోసారి అడగడానికి మొగమాటపడి ఊరికే తల ఊపుతారు. "బాయి పనోళ్ల గొంతే అంత" అని బయటివాళ్లు నవ్వుకుంటారు. "వయసు మీద పడ్డది గదా" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

గొంతు పెరిగింది చెవి తగ్గినందుకు. ఆ చెవిని తగ్గించింది వయసు కాదు, పని. దీని పేరు శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఎట్లా వృత్తి వ్యాధో ఇదీ అట్లాగే వృత్తి వ్యాధి. మన దేశ చట్టం కూడా ఆ మాట ఒప్పుకున్నది. ఒప్పుకున్నంత మాత్రాన ఏమీ ఒరగలేదనేది వేరే సంగతి, అక్కడికి తర్వాత వద్దాం.

రైతు కూలీల శీర్షికలో గని కార్మికుల చెవుల ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. గనిలోకి ఇవాళ ఎవరు పోతున్నారో చూస్తే ఆ ప్రశ్న మిగలదు. ఓపెన్‌కాస్టులో మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. ఆ కాంట్రాక్టరు దగ్గర హెల్పరుగా, డ్రిల్లు మీద, టిప్పరు మీద పనిచేసేవాళ్లలో చాలామంది నిన్నటిదాకా అదే భూమి మీద పత్తి, వరి పండించినవాళ్లు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటు క్వారీలు, కరీంనగర్ గ్రానైటు గుట్టలు, తాండూరు, బేతంచెర్ల నాపరాతి గనులు, ఊరూరా వెలసిన కంకర మిల్లులు - వీటన్నిటికీ కూలి చేతులు ఇచ్చేది మన పల్లెలే. వాన పడితే నాట్లకు, పడకపోతే క్వారీకి. పొలం పనికి తిరిగి వచ్చినప్పుడు కూలిడబ్బు ఖర్చయిపోయి ఉంటుంది, చెవిలో మోత మాత్రం వెంట వస్తుంది.

చెవి ఎట్లా పోతుంది

చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంది. దాంట్లో సన్నని వెంట్రుకల వంటి మొనలున్న కణాలు ఉంటాయి. ఒక్కో చెవికి పదిహేను వేలు, అటూ ఇటూ. శబ్దం వచ్చినప్పుడు ఆ మొనలు కదులుతాయి, ఆ కదలికే నరం ద్వారా మెదడుకు చేరి మాటగా, పాటగా, కూతగా తెలుస్తుంది. పైరు మీద గాలి వీచినట్టు అనుకోండి. మామూలు గాలికి పైరు వంగి మళ్లీ లేస్తుంది. పెద్ద మోతలో ఒక షిఫ్టు పనిచేసి పైకి వచ్చినవాడికి చెవులు దూది పెట్టినట్టు ఉంటాయి, గుయ్యిమని మోగుతాయి. రాత్రి పడుకుని లేచేసరికి తగ్గుతుంది. పైరు లేచినట్టే. కానీ రోజూ గాలివాన అయితే? కొన్నాళ్లకు దుబ్బులే విరుగుతాయి. ఆ కణాలు చచ్చిపోతే మనిషికి మళ్లీ మొలవవు. దానికి మందు లేదు, ఆపరేషన్ లేదు. వినికిడి మిషన్ పెట్టుకుంటే శబ్దం పెరుగుతుంది గానీ పోయిన స్పష్టత పూర్తిగా రాదు.

ఇంకొక మోసం ఉంది ఇందులో. అన్ని శబ్దాలూ ఒకేసారి పోవు. మొదట పోయేది సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి. లావు గొంతు, డప్పు, లారీ మోత బాగానే వినపడుతుంటాయి. అందుకే తనకు చెవుడు వస్తోందని కార్మికుడికే తెలియదు. మాటలో అచ్చులు లావు శబ్దాలు; క, చ, త, ప, స వంటి హల్లులు సన్నని శబ్దాలు. ఆ హల్లులు రాలిపోయాక 'పాలు' అన్నా, 'చాలు' అన్నా, 'కాలు' అన్నా చెవికి చేరేది 'ఆలు' ఒక్కటే. "వినపడుతుంది గానీ అర్థం కావడం లేదు" అని గని కార్మికుడు చెప్పేది దీన్నే. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు సన్నగా ఉంటాయి కాబట్టి ముందు అవి దూరమవుతాయి. "మీరు గొణుగుతున్నరు" అని ఆయన విసుక్కుంటాడు, "చెప్పింది పట్టించుకోడు" అని ఆమె నొచ్చుకుంటుంది.

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు అని మనకో సామెత. ఆ సామెత కట్టినవాడు గని చెవుడును చూసి ఉండడు. గనిలో చెవులు పోగొట్టుకున్నవాడికి శంఖం వినపడుతుంది. వినపడనిది ఇంట్లో పసిపిల్ల మాట.

మోతను కొలిచే కొలత డెసిబెల్. ఈ కొలత మామూలు లెక్కలాగా నడవదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఒక డీజిల్ ఇంజను పక్కన నిలబడితే 90 డెసిబెళ్లు ఉందనుకోండి. అదే రకం రెండో ఇంజను కూడా పెడితే 180 కాదు, 93 అవుతుంది. నాలుగు పెడితే 96. పది పెడితే 100. వంద ఇంజన్లు ఒక్కచోట పెడితే 110. అంటే కాగితం మీద 90కీ 110కీ తేడా ఇరవయ్యే గానీ చెవి మీద పడేది వంద ఇంజన్ల బరువు. రాతిని తొలిచే గాలి డ్రిల్లు, మన కూలీలు జాక్‌హామర్ అనేది, పట్టుకున్నవాడి చెవి దగ్గర 110 నుంచి 120 వరకు మోత పెడుతుంది. భూగర్భ గనిలో సైలెన్సరు లేని సహాయక ఫ్యాను, బొగ్గు ఎత్తే ఎస్.డి.ఎల్. యంత్రాలు, పైన క్రషర్లు వందకు అటూ ఇటూ పలుకుతాయి.

ఎంతసేపు ఉంటే ప్రమాదం? 85 డెసిబెళ్ల మోతలో 8 గంటల పని ఒక హద్దు అనుకుంటే, ప్రతి 3 డెసిబెళ్లకూ మోత శక్తి రెట్టింపవుతుంది కాబట్టి పని వేళ సగం కావాలి. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 100కి పావుగంట. 115 దగ్గరకు వస్తే అరనిమిషం కూడా లేదు! కొంచెం ఉదారమైన లెక్క ఇంకొకటి ఉంది. దాంట్లో 90కి 8 గంటలు ఇచ్చి, ప్రతి 5 డెసిబెళ్లకు వేళ సగం చేస్తారు. ఆ లెక్కన చూసినా 115కి దొరికేది పావుగంటే. జాక్‌హామర్ పట్టిన కూలీ రోజుకు ఎంతసేపు పడతాడో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

కప్పు చెప్పే మాట

ఫ్యాక్టరీ కార్మికుడికి, గని కార్మికుడికి మధ్య ఒక పెద్ద తేడా ఉంది. ఫ్యాక్టరీలో చెవి పోతే బతుకు కుంటుపడుతుంది. భూగర్భ గనిలో చెవి పోతే ప్రాణం మీదికి వస్తుంది. దీని గురించి పుస్తకాల్లో కన్నా పాత టింబర్‌మన్ల నోట ఎక్కువ వింటాం.

కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్లు ఏం చేస్తారు? వేలి కణుపుతో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టు. గనిలో పైకప్పును కూడా అట్లాగే కర్రతోనో గడ్డపారతోనో తట్టి చూస్తారు. గట్టి కప్పు ఖణేలుమంటుంది. పొర విడిపోయిన కప్పు డొల్లగా మోగుతుంది. ఆ డొల్ల మోత విన్నవాడు పని ఆపుతాడు, విడివడిన రాయిని దింపుతాడు, లేదా కింద దిమ్మె నిలబెట్టిస్తాడు. వినలేనివాడు అదే కప్పు కింద కూచుని డబ్బా విప్పుకుని అన్నం తింటాడు.

అంతేకాదు. చెక్క దిమ్మెల కాలంలో దిమ్మె కూడా మాట్లాడేది. పైనుంచి బరువు దిగుతుంటే ముందు చిన్నగా చిట్లిన చప్పుడు, ఆ తర్వాత కిర్రుమనడం, సన్నగా రాలిన పెళ్ల చప్పుడు. ఆ చప్పుళ్లను బట్టి పాతవాళ్లు "లెవ్వండిరా" అని కేకేసి జనాన్ని బయటికి తీసేవారు. ఇప్పుడు చాలాచోట్ల దిమ్మెల స్థానంలో కప్పులోకి ఇనుప బోల్టులు బిగిస్తున్నారు. పైకప్పును పట్టి ఉంచడంలో బోల్టు మంచిదే, దాన్ని కాదనడం లేదు. కానీ చెక్క మాట్లాడినంతగా ఇనుము మాట్లాడదు. మాట్లాడే కొంచెం చప్పుడు కూడా ఫ్యాను హోరులో, లోడింగ్ యంత్రం మోతలో మునిగిపోతుంది. అంటే యంత్రం రెండు పనులు చేస్తోంది. ఇవాళ్టి హెచ్చరికను ఇవాళే కప్పేస్తోంది, రేపటి హెచ్చరికను వినగలిగే చెవిని మెల్లగా తినేస్తోంది.

పైన ఓపెన్‌కాస్టులోనూ ఇదే కథ, రూపం వేరు. వెనక్కి వచ్చే డంపరు హారను కొడుతుంది. హారను కొట్టాడు కాబట్టి తప్పు తనది కాదని రికార్డులో రాసుకోవచ్చు. ఆ హారను చుట్టుపక్కల మోతను దాటి, సగం పోయిన చెవిలోకి చేరిందా లేదా అని ఎవరు రాస్తారు? ప్రమాద నివేదికల్లో "కార్మికుని అజాగ్రత్త" అనే మాట కనపడినప్పుడల్లా ఆ కార్మికుడి చెవులను ఎవరైనా ఎప్పుడైనా పరీక్షించారా అని అడగడం మన కార్యకర్తలు అలవాటు చేసుకోవాలి.

మనుషులు తగ్గారు, మోత పెరిగింది

సింగరేణిలో బొగ్గు తవ్వకం ఇల్లందు దగ్గర 1889లో మొదలైంది. చాలా దశాబ్దాలు అది తట్టా చెమ్మస్ పని. మనిషి కండతో తవ్వి, తట్టతో ఎత్తి, టబ్బులో పోసేది. అప్పుడూ డ్రిల్లులు, బాంబుల పేలుళ్లు, హాలర్ల మోత లేకపోలేదు. కానీ షిఫ్టులో ఎక్కువసేపు వినపడేది చెమ్మస్ చప్పుడే. 1980ల తర్వాత పరిస్థితి మారింది. ఎత్తే పని యంత్రానికి వచ్చింది, ఓపెన్‌కాస్టులు పెరిగాయి, పెద్ద డంపర్లు, షావెళ్లు, డ్రాగ్‌లైన్లు దిగాయి. 1990ల మొదట్లో లక్ష దాటి ఉన్న కంపెనీ కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల దగ్గరకు వచ్చింది. అప్పట్లో ఏడాదికి రెండు కోట్ల టన్నుల చిల్లర తీసిన బొగ్గు ఇప్పుడు ఏడు కోట్ల టన్నుల దగ్గర ఉంది. కాంట్రాక్టు కార్మికులు ఈ 40 వేల లెక్కలోకి రారు.

ఈ అంకెలను ఉత్పాదకత పెరిగిందని చెప్పడానికి వాడతారు. చెవి వైపు నుంచి చదివితే ఇంకో అర్థం వస్తుంది. ఒక్కో మనిషి చుట్టూ ఉన్న యంత్రం బలం కొన్ని రెట్లు పెరిగింది. యంత్రం వద్దని ఎవరూ అనడం లేదు. తట్టా చెమ్మస్ పని నడుములు విరగ్గొట్టింది, దాన్ని మళ్లీ తెమ్మని కోరేవాడు ఎవడూ లేడు. యంత్రాన్ని కొనేటప్పుడు టన్నులెన్ని ఎత్తుతుందని చూసినవాళ్లు, డీజిల్ ఎంత తాగుతుందని చూసినవాళ్లు, ఎన్ని డెసిబెళ్లు పలుకుతుందని కూడా చూడాలి గదా అన్నదే మాట.

అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నియోష్ 1990లలో గని కార్మికుల చెవి పరీక్షల లెక్కలు తీసింది. యాభై ఏళ్లు వచ్చేసరికి బొగ్గు గని కార్మికుల్లో నూటికి 90 మందికి వినికిడి లోపం ఉన్నట్టు తేలింది. మోత సోకని పనుల్లో ఉన్న అదే వయసువాళ్లలో నూటికి 10 మందే. వయసు వల్ల వచ్చిందని చెప్పేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపితే చాలు. రెండు జట్లకూ వయసు ఒక్కటే.

చట్టం నడిచిన దారి

మోత చెవిని పాడుచేస్తుందని కొత్తగా కనిపెట్టింది కాదు. ఇటలీ వైద్యుడు రామజ్జినీ 18వ శతాబ్దం మొదట్లోనే వెనిస్‌లో రాగి పాత్రలు కొట్టే కంచరివాళ్లకు చెవుడు వస్తుందని రాశాడు. మన దేశంలో గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ 1975లో ఒక సర్క్యులర్ ఇచ్చింది. 8 గంటల పనికి 85 డెసిబెళ్లు హెచ్చరిక హద్దు, 90 ప్రమాద హద్దు అన్నది. 115 దాటిన చోటికి చెవి రక్షణ లేకుండా ఎవరినీ పంపకూడదన్నది. 140 దాటిన చోటికి అసలు పంపకూడదన్నది. 1984లో కార్మికుల నష్టపరిహార చట్టాన్ని సవరించినప్పుడు, మోత వల్ల వచ్చిన వినికిడి లోపాన్ని పరిహారం ఇవ్వవలసిన వ్యాధుల జాబితాలో చేర్చారు.

మరి గనుల చట్టం కింద? సిలికోసిస్‌ను 1952లోనే తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించారు. వినికిడి లోపాన్ని ఆ జాబితాలో చేర్చింది 2011 ఫిబ్రవరిలో! ప్రమాద హద్దు ఇదీ అని చెప్పిన 36 ఏళ్లకు, ఆ ప్రమాదం జరిగితే మాకు తెలియజేయండి అన్నారన్నమాట. ఈ మధ్యలో ఒక తరం గనిలో దిగి, పనిచేసి, దిగిపోయింది.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. 1952 గనుల చట్టం, 1923 నష్టపరిహార చట్టం రెండూ వాటిలో కలిసిపోయాయి. వినికిడి లోపం పేరు కొత్త జాబితాల్లోనూ ఉంది. ప్రభుత్వం నిర్ణయించిన వయసు, తరగతుల వారికి ఏడాదికోసారి ఉచిత వైద్య పరీక్ష చేయించాలని వృత్తి భద్రత కోడ్ అంటోంది. మంచిదే. అదే కోడ్ కాంట్రాక్టు కార్మికుల అధ్యాయాన్ని 50 మంది లేదా అంతకు మించి ఉన్న చోట్లకే పరిమితం చేసింది. 1970 నాటి చట్టంలో ఆ హద్దు 20. ముప్పై మందితో నడిచే క్వారీలు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే ఈ మార్పు ఎవరి మేలు కోరి చేశారో అర్థమవుతుంది.

హద్దుల గురించి ఇంకొక మాట. 90 ప్రమాద హద్దు అంటే 90 లోపల అంతా క్షేమం అనుకోవద్దు. నియోష్ 1998లో వేసిన అంచనా ప్రకారం నలభై ఏళ్ల పని జీవితం 90 డెసిబెళ్లలో గడిపితే, మోత కారణంగా అదనంగా చెవి దెబ్బతినేవాళ్లు నూటికి 25 మంది. 85లో గడిపితే 8 మంది. అంటే హద్దు లోపలే నలుగురిలో ఒకరు.

చెవిలో బిరడా పెడితే చాలా?

ఈ విషయం లేవనెత్తగానే యాజమాన్యాల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు ఒకటి ఉంది. "ఇయర్ ప్లగ్గులు ఇచ్చాం, వాళ్లే పెట్టుకోవడం లేదు." చదువుకున్న మనవాళ్లు కూడా కొందరు ఈ మాట నమ్మి కార్మికులకు అవగాహన లేదని విసుక్కుంటారు.

కార్మికుడు ఎందుకు పెట్టుకోడో అడిగి చూడండి. లోపల ఉక్క, చెమట, బొగ్గు పొడి. మురికి చేతులతో చెవిలో పెట్టిన ప్లగ్గుతో చెవి పోటు, చీము. వాటన్నిటికన్నా పెద్ద కారణం కప్పు చప్పుడు. ప్లగ్గు పెట్టుకుంటే కప్పు మాట, తోటివాడి కేక వినపడవు. ఇప్పటికే చెవి సగం పోయినవాడికి ప్లగ్గుతో లోకమే మూసుకుపోతుంది. రేపటి చెవికోసం ఇవాళ్టి ప్రాణాన్ని పణంగా పెట్టమంటే ఎవడు పెడతాడు? అది అవగాహన లేకపోవడం కాదు, అనుభవం ఉండడం.

పైగా ప్లగ్గు లెక్క పెట్టె మీద రాసినట్టు ఉండదు. శబ్దాన్ని పూర్తిగా ఆపే ప్లగ్గు ఉందనే అనుకుందాం, అట్లాంటిది లేదు గానీ. 8 గంటల షిఫ్టులో ఒక్క గంట దాన్ని తీసేస్తే మొత్తం మీద దక్కే రక్షణ 9 డెసిబెళ్లు. సగం షిఫ్టు తీసేస్తే 3. జాక్‌హామర్ 115 పలుకుతుంటే 9 తీసేసినా 106 మిగులుతుంది.

అందుకని మొదట సరిచేయవలసింది యంత్రాన్ని. డ్రిల్లు గాలి బయటికి కొట్టే చోట సైలెన్సరు తొడగవచ్చు. ఫ్యానుకు సైలెన్సరు పెట్టవచ్చు. క్రషర్ దగ్గర రాయి జారే ఇనుప దోనెలకు రబ్బరు పరచవచ్చు. డంపరు, షావెల్ క్యాబిన్ల అద్దాలు, తలుపులు సరిగ్గా మూసుకునేట్టు చేసి ఏసీ పనిచేయిస్తే లోపలికి వచ్చే మోత చాలా తగ్గుతుంది. ఏసీ చెడిపోతే డ్రైవరు అద్దం దించుకోక ఏం చేస్తాడు? ఏసీ రిపేరు సుఖం కింద రాసుకుంటారు గానీ అది చెవి రక్షణ కూడా. వదులైన బోల్టులు బిగించి, అరిగిన బేరింగులు మార్చినా మోత దిగుతుంది. బయట ఖాళీ జాగాలో యంత్రానికి దూరం రెట్టింపు చేస్తే 6 డెసిబెళ్లు తగ్గుతుంది కాబట్టి కంప్రెసరును కూలీల నడుమ పెట్టకుండా పొడుగు గొట్టంతో దూరంగా పెట్టవచ్చు. గొట్టానికయ్యే ఖర్చు ఎంత? భూగర్భంలో మాత్రం గోడలు మోతను వెనక్కి కొడతాయి, అక్కడ దూరం అంతగా సాయపడదు.

ఇది అయ్యే పనేనా అంటే దక్షిణాఫ్రికాను చూడవచ్చు. అక్కడ ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు కలిసి కూచునే గనుల ఆరోగ్య భద్రతా మండలి ఉంది. 2003లో వాళ్లు ఒక గడువు పెట్టుకున్నారు. 2013 డిసెంబరు నాటికి పనిచోట ఏ యంత్రాల మోతా 110 దాటకూడదని. 2014లో దాన్ని సవరించి 2024 డిసెంబరు నాటికి 107 అన్నారు. గడువు పెట్టగానే అంతా మారిపోతుందని కాదు. కానీ గురి చూడండి, కార్మికుడి చెవి మీద కాదు, యంత్రం మీద పెట్టారు.

దుమ్మూ మోతా కలిసినచోట

బొగ్గు గనిలో కంపెనీ కార్మికుడికి ఆస్పత్రి ఉంది, యూనియన్ ఉంది, వైద్య పరీక్షల రికార్డు ఉంది. క్వారీ కూలీకి ఏముంది? మేస్త్రీ రాసుకున్న నోటుబుక్కు. కంకర మిల్లు దగ్గర ఆడవాళ్లు రాళ్లెత్తుతుంటే చెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెడతారు. ఆ మోతలోనే పిల్ల నిద్రపోతుంది. దానికి వేరే కొలమానం అక్కరలేదు, కొలిచేవాడూ లేడు.

జాక్‌హామర్ మోత ఒక్కటే కాదు, రాతి దుమ్మూ అక్కడే పుడుతుంది. ఆ దుమ్ముతో సిలికోసిస్, సిలికోసిస్ ఉన్నవాడికి క్షయ తేలిగ్గా అంటుతుంది. క్షయకు చాలా ఏళ్లు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. మొండి క్షయకు కానామైసిన్ వంటివి ఇచ్చారు. ఈ మందులన్నీ చెవి కణాలను దెబ్బతీసేవే. మోతతో సగం చెవి పోయినవాడికి మందుతో మిగతా సగం పోయేది. ప్రాణం నిలపడానికి ఇచ్చిన మందును తప్పుపట్టలేం. కానీ డాక్టరు చీటీ రాసేముందు "ఏం పని చేస్తావు" అని ఒక్క మాట అడగాలి. మన ఊరి ఆస్పత్రుల్లో ఆ ప్రశ్న వినపడడం అరుదు.

కాంట్రాక్టు కూలీ తన చెవుడును దాచిపెడతాడు. దాచక చస్తాడా? చెప్పినవాడికి పరిహారం రాదు, "రేపటినుంచి రావద్దు" అన్న మాట వస్తుంది. పరిహారం చట్టంలో కూడా ఒక మెలిక ఉంది. ఈ వ్యాధికి పరిహారం అడగాలంటే ఆ పనిలో ఎడతెగకుండా కనీసం ఆరు నెలలు ఉన్నట్టు తేలాలి. నాట్లకు ఇంటికొచ్చి, కోతలయ్యాక మళ్లీ పోయే కూలీ, ఏడాదికో కాంట్రాక్టరు మారే కూలీ ఆ ఆరు నెలలు ఏ కాగితంతో చూపిస్తాడు?

చేతిలో ఉండవలసినవి

మోత హద్దు దాటిందా లేదా తెలుసుకోవడానికి యంత్రం లేకపోయినా ఒక మోటు పద్ధతి ఉంది. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిస్తే తప్ప మాట వినపడలేదంటే అక్కడ 85 దాటినట్టే. ఇంకొకటి, పనికి పోయేముందు రేడియోనో ఫోన్లో పాటనో సరిగ్గా వినపడేంత శబ్దంతో పెట్టి ఆ అంకె గుర్తుపెట్టుకోండి. షిఫ్టు దిగి వచ్చాక అదే అంకె దగ్గర సరిగా వినపడకపోతే ఆ రోజు చెవి దెబ్బతిన్నదన్నమాట. రాత్రిపూట చెవిలో కీచురాయి పాడినట్టు ఉంటే అది దయ్యం కాదు, గాలి సోకడం కాదు, అదీ ఇదే. ఆకు పసరు, వేడి నూనె పోయించుకోవద్దు.

అసలు పరీక్షను ఆడియోమెట్రీ అంటారు. చెవులకు పెట్టె తగిలించి, సన్నని, లావు శబ్దాలను ఒక్కొక్కటిగా వినిపించి గీత గీస్తారు. మోత వల్ల పోయిన చెవికి ఆ గీతలో 4000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట పడుతుంది, మామూలుగా రెండు చెవులకూ. మొదటి ఏళ్లలో ఆ గుంట స్పష్టంగా కనపడుతుంది. ఆలస్యం చేస్తే వయసుతో వచ్చే చెవుడు దాంట్లో కలిసిపోయి యాజమాన్యం వకీలుకు వాదన దొరుకుతుంది. అందుకే పనిలో చేరిన రోజునే ఒక పరీక్ష జరగాలి. తర్వాతి పరీక్షలను దాంతో పోల్చాలి. పరీక్ష నిశ్శబ్దమైన గదిలో, మోతకు కనీసం 14 గంటలు దూరంగా ఉన్నాక చేయాలి. షిఫ్టు మధ్యలో లారీలు తిరిగే గుమ్మం పక్కన కూచోబెట్టి చేసింది పరీక్ష కాదు. వార్షిక వైద్య పరీక్ష పేరుతో బీపీ చూసి, షుగరు చూసి, సంతకం పెట్టించుకుంటే "చెవి పరీక్ష ఏదీ" అని అడిగే హక్కు ఉంది.

కాంట్రాక్టు కూలీలు హాజరు చీటీలు, గేటు పాసులు, కూలి పడ్డ బ్యాంకు పుస్తకం పేజీలు పారేయకుండా ఉంచుకోవాలి. చీటీ ఇవ్వని చోట నెలకోసారి గేటు దగ్గర ఫోన్‌తో తేదీ పడేట్టు ఒక ఫొటో తీసుకున్నా అక్కరకు వస్తుంది. కాంట్రాక్టరు మారినా గని మారలేదని, ప్రధాన యజమాని ఒక్కడేనని చూపడానికి ఇవే ఆధారాలు. చెవి పరీక్ష గీత ఉన్న కాగితం ఆస్పత్రి ఫైలులో మిగిలిపోకూడదు. ఒక నకలు కార్మికుని ఇంట్లో ఉండాలి, ఇంకొకటి సంఘం ఆఫీసులో ఉండాలి.